మందు మీద పడిన నా అలసట

ఆరోగ్యంగా ఉన్నానని రుజువు చేసుకోవడానికి అన్నిసార్లు తిరగాలని నాకు తెలియదు. రక్తం, మూత్రం, గుండె, అన్నీ చూసి ఆసుపత్రివాళ్ళు చివరికి నన్ను మందు ట్రయల్‌లోకి తీసుకోవడానికి ఒప్పుకున్నారు. థాయ్‌లాండ్‌లో తాతల నాటి నుంచి మోకాళ్ళ నొప్పులకు వాడే మూలికల మందు అది. నొప్పులున్నవాళ్ళకు ఇచ్చే ముందు, ఏ జబ్బూ లేనివాళ్ళకు ఇచ్చి హాని చేయదని తేల్చుకోవాలట. మేముండే టాంపినీస్‌లో మా పై అంతస్తు ఆవిడ చెబితే వెళ్ళాను. మందు మీద ఆసక్తితో మాత్రం కాదు. మాత్రలు వేసుకున్నవాళ్ళు రెండు రోజులు అక్కడే ఉండాలన్నారు. మంచం వాళ్ళదే, భోజనం వాళ్ళదే. ఇంకేం కావాలి?

మాత్ర ఇచ్చే ముందు నర్సు వచ్చి, ఒంట్లో ఎలా ఉందని అడిగింది. బాగున్నానని నవ్వుతూ చెప్పాను. ఎవరడిగినా మనం చెప్పేది అదే కదా. జ్వరంతో మూలుగుతూ ఫోనెత్తినా, "బాగున్నాం, మీరెలా ఉన్నారు?" అంటాం.

మాత్ర మింగిన కాసేపటికి శొంఠి వాసనతో త్రేన్పులు వచ్చాయి. అంతకు మించి ఏమీ లేదు. మధ్యాహ్నం నర్సు మళ్ళీ వచ్చింది. ఈసారి మాటవరసకు అడగలేదు. కళ్ళు తిరుగుతున్నాయా, కడుపులో తిప్పుతోందా, అలసటగా ఉందా అని ఒక్కొక్కటే అడిగి, జవాబు కోసం ఆగింది. అలసట దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగలేదు. "ఉంది, చాలా ఉంది" అనేశాను.

అంతే, డాక్టరు వచ్చేశాడు. పొద్దున లేని అలసట మాత్ర వేశాక వచ్చింది కాబట్టి మందు పడలేదేమోనని వాళ్ళ అనుమానం. తర్వాతి మాత్ర ఆపేసి నన్ను ఇంటికి పంపే ఆలోచనలో ఉన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మంచం పోతుందన్న బాధ ఒకటి. ఏ పాపమూ ఎరగని మందు నా మూలంగా చెడ్డపేరు తెచ్చుకుంటోందన్నది ఇంకొకటి.

"మందు వల్ల కాదు డాక్టర్. ఇది ముందు నుంచీ ఉన్నదే."

"మరి పొద్దున ఫైన్ అన్నారు?"

"అది ఊరికే అన్నాను."

అతనికి ఏమీ అర్థం కాలేదు. నర్సుకు మాత్రం అర్థమైనట్టుంది. "ఎప్పటి నుంచి?" అని అడిగింది.

గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఆఫీసులో ప్రాజెక్టు మారినప్పటి నుంచా? అత్తగారికి ఆపరేషన్ అయినప్పటి నుంచా? అబ్బే, అప్పటికే ఉంది. "మా అబ్బాయి పుట్టినప్పటి నుంచి" అన్నాను. వాడిప్పుడు నాకంటే పొడుగు. ఆ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మళ్ళీ పరీక్షలన్నీ చేసి, దానికీ మందుకీ సంబంధం లేదని తేల్చారు. నన్ను ఉండనిచ్చారు. రక్తం తీసుకోవడానికి లేపినప్పుడు తప్ప, మిగిలిన సమయమంతా మొద్దునిద్ర పోయాను.

ఇంటికొచ్చేసరికి సింకు నిండా గిన్నెలు. అబ్బాయి ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "మా, డిన్నర్ వాట్ ఆ?" అన్నాడు. మా ఆయన సోఫాలోంచి తల తిప్పి, "ఎలా ఉంది నీకు?" అన్నారు. ధైర్యం పోకముందే చెప్పేయాలనుకున్నాను.

"అలసిపోయానండి. చాలా ఏళ్ళుగా అలసిపోయే ఉన్నాను."

ఆయన నిజంగానే కంగారుపడ్డారు. లేచి వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి చూశారు.

"నే చెప్తూనే ఉన్నాగా, ఆ ట్రయల్సూ అవీ మనకొద్దని? చూడు, ఆ థాయ్ మందు పడలేదు నీకు" అన్నారు.