కండువాకు గుచ్చిన గుండుసూది

నిన్న మా తమ్ముడి కొడుకు, ఈ మధ్యనే బి.ఏ. పాసైనవాడు, చెన్నపట్నంలో ఉద్యోగానికని రాజమహేంద్రవరంలో రైలెక్కాడు. బండి గోదావరి వంతెన దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. కోటు, బూట్లు, టోపీ అన్నీ ఉన్నాయి గానీ, సాగనంపడానికి వాడికి చదువు చెప్పినవాళ్లలో ఒక్కరూ రాలేదు. ఉన్నమాట చెబుతున్నాను, నాకది బాగుండలేదు.

మా నాన్న ఒక కామందు దగ్గర పాలేరు. పన్నెండో ఏటిదాకా నేనూ ఆ కామందు గొడ్లనే కాసి, ఆ తరువాత మిషను బడిలో నాకన్న చిన్నపిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. ఎలాగో కాలేజీ గట్టెక్కాను గానీ, పెద్దవాళ్లెవరైనా ఎదురుపడితే భుజాన ఉన్న కండువా తీసి నడుముకు చుట్టుకునే అలవాటు మాత్రం నాతోపాటే కాలేజీ దాటింది. మీలో చాలామందికి ఆ అలవాటు తెలిసే ఉంటుంది.

పాసైన మమ్మల్ని ఉద్యోగాలలో కుదిరేదాకా వదిలిపెట్టని లెక్కల మాస్టారు దీన్ని కనిపెట్టారు. కాలవలకు నీళ్లు పంచే ఉద్యోగానికి ధవళేశ్వరం కచేరీలోని ఇంజనీరు దొర నన్ను పిలిచాడని తెలిసినప్పటినుంచీ, రోజూ సాయంత్రం తమ అరుగు మీద కామందులా కాలుమీద కాలేసుకుని కూర్చుని "ఏరా!" అని గద్దించేవారు. నా చెయ్యి భుజం మీదికి పోయేది. తోటివాళ్లు పడిపడి నవ్వేవారు.

"నువ్వు పాసయ్యావు గానీ, నీ చెయ్యి ఇంకా పాసవలేదయ్యా," అనేవారు మాస్టారు. ఆయన మాత్రం నవ్వేవారు కాదు. ఈ ఉద్యోగం తప్పితే నేను మళ్లీ ఆ కామందు చేలోకే పోవాలని ఆయనకు తెలుసు.

దొర రమ్మన్న రోజు పడవలో ధవళేశ్వరందాకా ఆయనా వచ్చారు. కచేరీ గేటు దగ్గర నా కండువాను కోటుకు కలిపి గుండుసూది గుచ్చి, లోపలికి తోశారు.

లోపల దొర పక్కన కుర్చీలో, తన తూము సంగతి మాట్లాడుకోవడానికి వచ్చిన మా కామందే కూర్చుని ఉన్నాడు! చెయ్యి దానంతటదే లేచి కండువాను లాగింది. అది రాలేదు, సూది చురుక్కున దిగింది.

"వీడు మా పాలేరు కొడుకండీ," అన్నాడు కామందు నవ్వుతూ.

దొర నవ్వలేదు. ఎగువ రైతు పెద్దవాడు, దిగువ చేలు ఎండిపోతున్నాయి, నీళ్లు ముందు ఎవరికిస్తావని, తనకొచ్చిన తెలుగులోనే అడిగాడు.

"వంతు ఎవరిదైతే వారికండి."

"ఏరా, మాకైనా అంతేనా?" అన్నాడు కామందు.

చెయ్యి ఇంకా కండువా మీదే ఉంది.

"తమకైనా అంతేనండి."

దొర నన్ను సోమవారం వచ్చి పనిలో చేరమన్నాడు. బయటికి వచ్చేసరికి మాస్టారు ఎండలో అలాగే నిలబడి ఉన్నారు. ఉద్యోగం వచ్చిందా అని అడగలేదు, ముందు నా భుజం వంక చూశారు. కండువా అక్కడే ఉంది. అప్పుడు కూలబడ్డారు, గేటు పక్కన మట్టిలోనే.

ఇప్పటి కుర్రవాళ్లకు తీసి చుట్టుకోవడానికి భుజాన కండువాయే లేదు, మంచిదే. కానీ రైలు కదిలేటప్పుడు, స్టేషను మాస్టరు ఇటు రాగానే మావాడి చెయ్యి టక్కున టోపీ మీదికి పోవడం నేను చూశాను. అది చూసి చెప్పవలసినవారెవరూ ఆ ప్లాట్‌ఫారం మీద లేరు.