మౌలాలీ మామ కేక

మా మౌలాలీ మామకి భయం. ఫలానాదంటే భయం అని కాదు, ఊరికే భయం. నరసరావుపేటలో పిరికివాళ్ళు ఇంకా ఉన్నారు, కాదనను. వాళ్ళంతా దుప్పటి ముసుగేసుకుని, ఎవరికీ తెలీకుండా, మర్యాదగా భయపడతారు. మామది అట్టా కాదు. ఆయన భయపడ్డాడంటే ఊరందరికీ తెలియాల్సిందే. ముందు "హాయ్ అల్లా" అని సన్నగా ఎత్తుకుంటాడు, సగంలో "వామ్మో" అని తెలుగులోకి దిగుతాడు, ఆఖర్న ఏ భాషకీ చెందని కూత ఒకటి పెడతాడు. ఆ కూతకి రొంపిచెర్లలో బర్రెలు మేత మానేసి తలెత్తి చూస్తాయని మా పేటలో చెప్పుకుంటారు. నేను చూళ్ళేదు, కానీ నమ్ముతాను.

మనిషిని చూస్తే అట్టా అనిపించడు. ఆరడుగుల ఎత్తు, తలుపు చెక్కంత వీపు. లారీ మెకానిక్కు. పక్కన టైరు పేలినా కన్నార్పడు. "అది పేలుద్దని నాకు ముందే తెలుసుగా అల్లుడూ" అంటాడు. చెప్పాపెట్టకుండా వచ్చేవాటితోనే ఆయనకి తంటా. బెలూను, కాలింగ్ బెల్లు, వెనకనించి ఎవరన్నా తుమ్మితే ఆ తుమ్ము, అన్నిటికన్నా ముఖ్యంగా కుక్కరు. రషీదా అత్త పొయ్యి మీద పప్పు పెట్టినప్పుడల్లా రైల్వే స్టేషన్లో మైకులో చెప్పినట్టు చెబుతుంది: "ఏమయ్యా, విజిలొస్తంది, చెవులు మూసుకో!" ఆమె మర్చిపోయిన రోజున కేక వినపడుద్ది. మొదట్లో ఏం కొంపలు మునిగాయో అని వీధంతా పరిగెత్తేవాళ్ళం. ఇప్పుడు "మౌలాలీ ఇంట్లో పప్పు ఉడికినట్టుంది" అనుకుని ఎవరి పని వాళ్ళు చేసుకుంటన్నాం.

ఇంక నా సంగతి. నా పేరు గోపాలకృష్ణ. మామ షెడ్డు పక్కనే నా డ్రైవింగ్ స్కూలు. బోర్డు మీద నా ఫోటో, ఫోటో కింద "భయం మా దగ్గర వదలండి, బండి మీరు తీసుకెళ్ళండి" అని ఎర్రక్షరాలు. ధైర్యం గురించి గంటసేపు ఆపకుండా మాట్లాడగలను. నాకున్న చిన్న ఇబ్బందల్లా బల్లి. భయం కాదు, పడదు. రెంటికీ చానా తేడా ఉంది.

ఒకసారి సత్తెనపల్లి రోడ్డులో లక్ష్మీతిరుపతమ్మగారికి కారు నేర్పిస్తన్నాను. యాడనించి వచ్చిందో, బల్లొకటి వచ్చి డాష్‌బోర్డు మీద నా ఎదురుగా కూర్చుంది. నేను తలుపు తీసి దిగిపోయాను. కారు మాత్రం నడుస్తానే ఉంది. ఆమె ఒక్కతే కొంతదూరం పోయి, బండి తిప్పుకుని, నా ముందుకొచ్చి ఆపింది. "మీరు దిగిపోబట్టే నేర్చుకున్నాను సార్" అని మొక్కినంత పని చేసింది. అది నా బోధనా పద్ధతి అని నేను ఊరంతా చెప్పుకున్నాను.

రొంపిచెర్ల పోయే దారిలో ఒక నీళ్ళ పార్కుంది. అక్టోబరు వానల్లో నీళ్ళలో దిగేవాళ్ళు ఎవరుంటారు? అందుకని యజమాని ఏటా ఆ నెలాఖర్లో హాలోవీన్ అని నల్లబట్ట గుడారంలో దెయ్యాల కొంప పెడతాడు. మొదటేడు గేటు దగ్గర గుమ్మడికాయలకి కళ్ళూ నోరూ చెక్కించి, లోపల దీపాలు పెట్టించి వరసగా కూర్చోబెట్టాడు. చూసి జడుసుకుంటారని ఆయన ఆశ. గుమ్మానికి దిష్టికాయ కట్టుకునే ఊరు మాది, జడుసుకుంటామా? పొద్దుగూకేసరికి ప్రతి కాయకీ పసుపూ కుంకుమా పడ్డాయి. ఒకదానికి ఎవరో నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి దండేశారు. ఒక పెద్దాయన టికెట్ తీసుకుంటా, "మా కొత్తింటికి ఒకటి ఇస్తారా, ఎట్టాగూ కళ్ళు చెక్కేశారుగా" అని బేరం పెట్టాడు.

లోపల ఇంకో చిక్కు. దెయ్యాలన్నీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. నడక చూసి జనం గుర్తుపట్టేవాళ్ళు. సుభానీ రక్తం పూసుకుని శవపెట్టెలోంచి లేచి "హా" అనగానే, "ఒరేయ్ సుభానీ, నువ్వంటరా! మీ అమ్మకి జొరం తగ్గిందా?" అని అడిగేవాళ్ళు. "తగ్గింది బాబాయ్, రేపు ఇంటికి తీసుకొస్తన్నాం" అని శవం చెప్పేది. ఇట్టాగైతే లాభం లేదని మేనేజరు ఫణీంద్ర ఒక రూలు పెట్టాడు. ఏ గదిలోనించి అరుపులు రావో ఆ గదిలో మనిషిని తీసేసి మిషను దెయ్యాన్ని పెడతారు. ఆయన బయటికొచ్చే దారి దగ్గర కుర్చీ వేసుకుని, చెవి గుడారానికి ఆనించి కూర్చునేవాడు. అట్టా ఒకటో గది పోయింది, రెండోది పోయింది, నాలుగోదీ పోయింది. అన్నిట్లో మోటార్లు పెట్టిన అస్థిపంజరాలు. మూడో గదిలో మాత్రం దుర్గమ్మక్క మిగిలింది.

దుర్గమ్మక్క ఒకప్పుడు క్వారీలో రాళ్ళు మోసిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయాక ఆ పార్కులోనే చెప్పుల స్టాండు దగ్గర కూర్చునే పని దొరికింది. అక్టోబరులో మాత్రం తెల్లచీర కట్టి, జుట్టు విరబోసుకుని, ప్లాస్టిక్ గోళ్ళు తగిలించుకుని దెయ్యంగా కూర్చోవాలి. దెయ్యంగా పనికిరాకపోతే చెప్పుల కాడ కూడా అక్కర్లేదని ఫణీంద్ర మాట. ఆ కూర్చునే పని పోతే ఆమెకి ఇంకో పని దొరకదు. నిలబడి చేసే పనులే ఈ లోకంలో ఎక్కువ.

కానీ ఆమెని చూసి భయపడాలంటే చానా కష్టపడాలి. చీకట్లో గోళ్ళు చాచి ముందుకొచ్చి, "చూసుకో నాయనా, గడపుంది" అంటుంది. పిల్లలు బిక్కమొగం వేస్తే, "ఏడవబాక అమ్మా, నేను దుర్గమ్మ పెద్దమ్మని" అని జుట్టు పక్కకి తీసి మొహం చూపిస్తుంది.

ఆ గదిలోనే మౌలాలీ మామ కేక ఆకాశానికంటేది. ఒకటో గదిలో అస్థిపంజరానికి ఒక మోస్తరుగా అరిచేవాడు. రెండో గదిలో కాస్త పెంచేవాడు. మూడో గదిలో దుర్గమ్మక్కని చూడగానే రెండు భాషలూ అయిపోయి, ఆ ఆఖరి కూత ఊపిరి ఉన్నంతసేపూ సాగేది. గేటు దగ్గర జనం అది విని టికెట్ల కోసం తోసుకునేవాళ్ళు. బయటికొచ్చి మంచినీళ్ళు తాగి, మళ్ళీ టికెట్ తీసుకునేవాడు. "ఇంత భయమైతే మళ్ళీ ఎందుకయ్యా?" అని రషీదా అత్త తల కొట్టుకునేది. తోడుగా నన్ను పంపేవాళ్ళు, ధైర్యవంతుణ్ణని. ప్రతి ఏడూ నా చెప్పు ఒకటి లోపలే ఉండిపోయేది. భయపడి పరిగెత్తి కాదు, దారి ఇరుకు.

పోయినేడు ఆఖరు ఆదివారం ముందు ఒక ఘోరం జరిగింది. రషీదా అత్త కొత్త మిక్సీ కొన్నది, మామకి చెప్పడం మర్చిపోయి ఆన్ చేసింది. ఆ కేకతో మామ గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు చప్పుడు తప్ప ఏం లేదు. అయినా ఆదివారం సాయంత్రం నన్ను లాక్కుపోయాడు. వరసలో నిలబడ్డాక నా చెవి ఆయన నోటికి ఆనించమని సైగ చేశాడు.

"అల్లుడూ, ఇయ్యాల నువ్వు అరవాలి."

"నేనెందుకు అరవాలి మావా? నాకు భయం లేదుగా!"

"దుర్గమ్మక్కంటే నాకు మాత్రం ఉందా ఏంది? మాయమ్మ పనికి పోతే నాకు ముద్దలు కలిపి పెట్టింది ఆమె. మూడో గదిలో కేక రాకపోతే ఇయ్యాలే ఆఖరంట. ఫణీంద్ర మిషను దెయ్యాన్ని తెప్పించి అదిగో, ఆటోలో పెట్టి ఉంచాడు."

తిరిగి చూశాను. నిజమే. ఆటో వెనక సీట్లోంచి అస్థిపంజరం కాళ్ళు బయటికి ఉన్నాయి.

"మరి కుక్కరంటే భయం కూడా ఉత్తదేనా మావా?"

"అది నిజం."

"బెలూనో?"

"అదీ నిజమే. ఇంత భయమూ, ఇంత గొంతూ దేవుడు నాకే ఇచ్చాడు. అంతా కుక్కరుకే పొయ్యడమెందుకని, కాస్త దుర్గమ్మక్కకి వాడుకుంటన్నా."

ఏటా ఈయన్ని చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తన్నానని నేను విర్రవీగుతుంటే, ఈయన ఊరంతా నవ్వుతున్నా పట్టించుకోకుండా ఒక మనిషి అన్నం నిలబెడుతున్నాడు. అక్కడే కౌగిలించుకుందామనుకున్నాను. కానీ వెనక్కి చూస్తే వరసలో నా దగ్గర కారు నేర్చుకునేవాళ్ళు. ఎల్ బోర్డు బ్యాచీకి బ్యాచీ దిగింది. మధ్యలో లక్ష్మీతిరుపతమ్మగారు. "సార్ ఉన్నారుగా, మనకేం భయం!" అంటన్నారు. నేను చెయ్యూపాను. రెండో చెయ్యి మామ చొక్కా వదల్లా, చలి.

ఒకటో గదిలో అస్థిపంజరం మీద పడింది. మామ నోరు బార్లా తెరిచాడు, గాలొచ్చింది. ఆ భయం మాత్రం నిజమే, నా మణికట్టు నలిపేశాడు. రెండో గదీ అట్టాగే దాటాం. మూడో గది తెర తీయగానే దుర్గమ్మక్క స్టూలు మీదనించి లేచింది.

"చూసుకో నాయనా, గడపుంది. ఏరా మౌలాలీ, గొంతు పోయిందంటగా, మిరియాల పాలు తాగావా?"

మామ తలూపాడు. ఆమె గోళ్ళు ఒకదానికొకటి తగిలి టకటకమంటన్నాయి. "పొద్దుటినించీ ఒక్కరు అరవలా నాయనా. నా మొగమే అట్టాంటిది, ఏం చేసేది!"

మామ నన్ను మోచేత్తో పొడిచాడు. నేను కళ్ళు మూసుకుని, ఛాతీ నింపుకుని అరిచాను. వచ్చింది మేక కూత.

"అయ్యో, కాలికేమన్నా గుచ్చుకుందా?" అంది దెయ్యం.

మళ్ళీ అరిచాను. ఈసారి కోడి. గుడారం బట్ట అవతలనించి ఫణీంద్ర గొంతు వినపడింది. "మూడో గదిలో ఏమీ లేదయ్యా, ఆ ఆటోలోది దించండి!"

దుర్గమ్మక్క గోళ్ళు ఊడదీసుకోవడం మొదలుపెట్టింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజమైన కేక ఒక్కటంటే ఒక్కటి కావాలి, అది నా ఒంట్లో యాడా లేదు. అప్పుడు మామ నా చెవి దగ్గరికి వంగి, మిగిలిన గాలంతా కూడగట్టి చెప్పాడు.

"అల్లుడూ, కదలబాక. నీ కాలర్ మీద బల్లి."

తరవాత జరిగిందంతా నలుగురూ చెబితే తెలిసింది. నేను అమ్మని పిలిచానంట, నాన్నని పిలిచానంట, ఆ తరవాత "బ్రేక్! బ్రేక్!" అని అరుస్తా దారి ఉండగా గుడారం బట్ట చీల్చుకుని పోయానంట. నల్లబట్ట నెత్తిన వేలాడతా, ఒంటి చెప్పుతో వరస మధ్యలోకి దూకేసరికి కొత్త దెయ్యమనుకుని నా బ్యాచీ మొత్తం కేకలు పెట్టింది. ఎవరి కేక ఎవరిదో తెలీలా. ఫణీంద్ర కుర్చీలోంచి కింద పడ్డాడు. లేచి నన్ను పట్టుకుని, "ఏ గదండీ? ఏం చూశారు?" అన్నాడు. మూడు వేళ్ళు చూపించాను.

"మూడో గది కదిలించొద్దు! ఆటోని పంపించెయ్యండి!" అని ఆయన అరిచాడు. అప్పటికే టికెట్ల దగ్గర జనం తోసుకుంటన్నారు.

సోమవారం స్కూలు షట్టరు ఎత్తాలా వద్దా అని ఆలోచించాను. ఎత్తేసరికి లక్ష్మీతిరుపతమ్మగారు వాళ్ళ తోడికోడల్ని వెంటబెట్టుకుని నిలబడి ఉంది. "ఈమెకి చానా భయం సార్. మీకూ భయమేనని తెలిశాక నేర్చుకుంటానంటంది" అంది. భయం కాదు, పడదు అని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ వారంలో అట్టాంటివాళ్ళు చానామంది వచ్చారు. ఇంతమంది భయస్థులు ఊళ్ళో యాడ దాక్కున్నారో ఇన్నాళ్ళూ.

ఈ ఏడు మామ గొంతు నిక్షేపంగా ఉంది. అయినా నన్ను వదల్లా. మూడో గదిలో అడుగు పెట్టామో లేదో దుర్గమ్మక్క ముందు నా పోయినేటి చెప్పు చేతికిచ్చింది. తరవాత గోళ్ళు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా అడిగింది.

"ఏరా మౌలాలీ, ఈసారి బల్లి సంగతి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

మామ బిత్తరపోయాడు. "నీకు తెలుసా అక్కా?"

"నా చేత్తో ముద్దలు తిన్నోడివి, నా మొగం చూసి జడుసుకుంటావంట్రా? మొదటేడే తెలుసు. అరుస్తన్నావు గదా, బాగుందిలే అని ఊరుకున్నా." ఆమె తెల్లచీర కొంగుతో కళ్ళొత్తుకుంది, కాటుకంతా చెదిరి ఇప్పుడు నిజంగానే కాస్త దెయ్యంలా ఉంది. "సర్లే, బయట మేనేజరు కూర్చున్నాడు. కానియ్యండి నాయనా."

మామ "హాయ్ అల్లా" అని ఎత్తుకున్నాడు. నేను "వామ్మో" దగ్గర అందుకున్నాను. నా కాలర్ మీద ఆ రోజు బల్లి ఉందో లేదో మామని నేను ఇంతవరకూ అడగలా. అడగడానికి భయం కాదు, పడదు.