ఆగిపోయిన నాలుగు ఉత్తరాలు

మావ మీద నాకు మహా కోపంగా ఉండేది. మొన్న చలికాలంలో మా ఖరగ్‌పూర్‌లో, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఆయన ప్రాణస్నేహితుడు పోతే ఆయన రాలేదు. ఇద్దరూ ముప్పై ఏళ్లు రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ల దగ్గర పక్కపక్కన నిలబడి సుత్తి కొట్టినవాళ్లు. పదకొండో రోజు భోజనాలకి కూడా ఈయన జాడ లేదు. విస్తళ్ల ముందు కూర్చుని అందరం ఆయన్ని దులిపేశాం. "పూరీ గేట్‌కి అద్దెకి పోయీసరికి మనం కానోళ్లం అయిపోనామేటి?" అన్నాడొకాయన. నేను ఇంకో రెండు మాటలు ఎక్కువే అన్నాను. ఆ మాటల్ని ఇప్పుడెక్కడ దాచుకోవాలో తెలియడం లేదు.

మావ నాకు చుట్టమేమీ కాదు. రిటైరయ్యేదాకా మా లైన్లోనే, మూడు క్వార్టర్ల అవతల ఉండేవాడు; తర్వాత ఊళ్లోనే పూరీ గేట్ దగ్గర అద్దెకి దిగాడు. మా నాన్న పోయిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. అన్నం గిన్నె, చారు గిన్నె పట్టుకుని అందరికన్నా ముందు వచ్చింది మావ భార్యే. ఆవిణ్ణి అత్తా అనేవాణ్ణి. నేను నాలుగు ముద్దలు తినేదాకా ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు.

నాన్న రైల్వేలో కాల్ మేన్. డ్రైవర్ల ఇళ్లకి సైకిల్ మీద వెళ్లి, డ్యూటీ వేళ చెప్పి, కాల్ బుక్కులో సంతకం తీసుకోవడం ఆయన పని. మా తెలుగువాళ్లలో ఎవరైనా పోతే ఆ కబురు కూడా ఆయనే ఇంటింటికీ తిరిగి చెప్పేవాడు. చావు జరిగిన ఇంటివాళ్లు మైలలో ఎవరి గడపా తొక్కరు, ఎవర్నీ రమ్మని పిలవరు. ఇంకొకరు చెప్పాలి, విన్నవాళ్లు తమంతట తాము రావాలి. మా వాళ్ల పద్ధతి అది. ఆ కబుర్లకి కూడా నాన్న ఒక నోటుబుక్కు పెట్టి సంతకాలు తీసుకునేవాడు. "సంతకం పడకపోతే సెప్పినట్టు కాదురా" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి.

నాన్న తర్వాత ఆ పని నా మెడకి చుట్టుకుంది. నాది విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం. నాకు సైకిలెందుకనుకున్నాను. ఎవరైనా ఉచితంగా తీసుకుని, లోపల విప్పి చూసుకుని, తమకి కావలసినట్టు మార్చుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చి, పాత కంప్యూటర్‌లో ఎక్కించి, మెయిలింగ్ లిస్టు పెట్టాను. ఒక్క అడ్రసుకి మెయిల్ రాస్తే చాలు, లిస్టులో ఉన్న ఇళ్లన్నిటికీ వెళ్తుంది. వాట్సాప్ గ్రూపు లేక కాదు. అందులో శుభోదయం పువ్వుల కింద చావు కబుర్లు పూడుకుపోయేవి. ఫోను చేద్దామంటే, బాయిలర్ షాపు మోతకి మా పెద్దవాళ్లలో చాలామందికి చెవులు పోయాయి. చదవడం మాత్రం బాగా చదువుతారు.

లిస్టులో లేని అడ్రసు నుంచి ఏదైనా వస్తే, నేను చూసి సరే అనేదాకా సాఫ్ట్‌వేర్ దాన్ని ఆపి ఉంచుతుంది. అలా ఆగేవన్నీ లాటరీలూ, బట్టతల మందులూ. 'మీ ఉత్తరం ఆగింది' అని పంపినవాడికి కబురు వెళ్లే ఏర్పాటు ఒకటుంటే, ఈ దొంగలకి జవాబు కూడానా అని దాన్ని కట్టేశాను. 'ఇన్ని ఆగి ఉన్నాయి, చూడు' అని నాకు రోజూ వచ్చే మెయిళ్లని కంటికి కనపడకుండా ఓ మూలకి తోసేశాను. నా అంత తెలివైనవాడు ఖరగ్‌పూర్‌లో లేడనుకున్నాను.

ఈ ఎండాకాలంలో ఆ కంప్యూటర్ మూలగడం మొదలెట్టింది. ఇక్కడి ఇంజనీరింగ్ విద్యాసంస్థలో పనిచేసే తెలంగాణ అమ్మాయి ఒకామె, లిస్టుని కొత్త మిషన్‌కి మార్చిపెడతానని ఓ ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. టీ తాగుతూ పని చేసుకుంటోంది.

"అన్నా, ఆగిపోయిన మెయిల్స్ మస్తున్నయ్. ఒక్కటి గూడ చూసినట్టు లేరు. ఏం జేద్దాం?"

"అంతా సెత్తే తల్లీ. కొట్టి పారెయ్యి."

ఆమె కొట్టెయ్యలేదు. కుర్చీ వెనక్కి జరిపి, "గీ నాలుగు తెలుగుల ఉన్నయ్ అన్నా. ఒక్కరే రాసిన్రు" అంది.

మొదటిది పోయినేడు వానాకాలంలోది. 'మా ఇంటిదాన్ని కలకత్తా ఆసుపత్రిలో ఎట్టినాం. రగతం కావాలంటన్నారు. కుర్రోళ్లు ఎవులైనా రాగలరేటి.' తొమ్మిది రోజుల తర్వాత రెండోది. 'మా ఇంటిది ఈయాల తెల్లారగట్ల పోనాది. ఇక్కడే దహనం సేసీసినాం.' మూడోది ఇంకా చిన్నది. 'పదకొండో రోజు పూరీ గేట్ ఇంటికాడ.' నాలుగోది నేను కూర్చుని చదవలేకపోయాను. 'యాభై ఇస్తళ్లు ఏసినాం. ఎవులూ రానేదు. నాను మీకేటి సేసినానో నాకు తెల్దు. లిస్టులోంచి నా పేరు తీసీండి.'

అత్త పోయింది. పోయి ఏడాది కావస్తోంది. నా ఇంట్లో, నా బల్ల మీద, ఈ పెట్టెలో ఆ కబురు ఉంది, నాకు తెలియదు. ఆ అమ్మాయి మంచినీళ్లు తెచ్చింది. మావ పేరు వెతకమన్నాను. లిస్టులో లేదు. తీసెయ్యమని ఆయన అడిగిన పేరు అందులో అసలు లేనే లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. రిటైరైన కొత్తలో మావ నన్ను పూరీ గేట్ దగ్గర టీ కొట్లో పట్టుకుని, ఆఫీసు మెయిల్ ఆపేస్తున్నారని చెప్పి, కొత్త అడ్రసు రాసిన చీటీ నా చేతిలో పెట్టాడు. "ఠీక్ హై మావా, ఈయాలే మార్చీస్తాను" అని జేబులో వేసుకున్నాను. ఆ చొక్కా ఉతుక్కి పోయింది. పాత అడ్రసుకి పంపినవి తిరిగొస్తూ ఉంటే, కొన్నాళ్లకి సాఫ్ట్‌వేరే ఆయన పేరు తీసేసింది. దాని తప్పు ఏమీ లేదు, తన పని తాను సరిగ్గానే చేసింది. అయినదానికీ కానిదానికీ మేమంతా లిస్టుని నమ్ముకున్నాం. అత్త చాన్నాళ్లుగా కనపడ్డం లేదే, ఓసారి వెళ్లి చూద్దామని మాలో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

నాన్న సైకిల్ తీసుకుని పూరీ గేట్ వెళ్లాను. మావే తలుపు తీశాడు. చిక్కిపోయాడు. గోడ మీద అత్త ఫోటోకి దండ ఉంది. ఆయన నన్ను రమ్మనలేదు, పొమ్మనలేదు. చెవుడు కదా, జరిగిందంతా గొంతెత్తి చెప్పాల్సి వచ్చింది. చీటీ సంగతి, చొక్కా సంగతి, ఆగిన ఉత్తరాల సంగతి అరిచి అరిచి చెబుతుంటే పక్కింటి దీదీ కిటికీ తీసి చూసింది. నా తప్పు వీధి వీధంతా వినాల్సిందే అనిపించింది. సిగ్గు పడే ఓపిక కూడా లేదు నాకు.

మావ అడిగాడు.

"అయితే మీకెవులికీ తెల్దా?"

"తెల్దు మావా. ఎవులికీ తెల్దు."

"ఆడికీ తెల్దా?" అన్నాడు. తన స్నేహితుడి గురించి అడుగుతున్నాడని నాకు అర్థమైంది. తెలియదన్నట్టు తలూపాను.

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నవ్వొచ్చింది ఆయనకి, నిజంగా నవ్వాడు. "మిగతావోళ్లు రాకపోతే పోనీ అనుకున్నాన్రా. ఆడు రానేదే అని ఒకటే బాద. ఇంక ఆడి మొకం సూడకూడదని ఒట్టేసుకున్నాను. ఎంత యెర్రోణ్ణి!" అంటూ లోపలికి వెళ్లి, చొక్కా తొడుక్కుని బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు. "పద. నీ సైకిలు ఎనకాల కూకుంటాను. నన్ను ఆడికాడ దింపీ."

వాకిట్లో చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. ఆయన స్నేహితుడు పోయిన కబురు చలికాలంలో లిస్టుకి పంపింది నేనే, ఆ లిస్టులో మావ లేడు.

"మావా" అన్నాను.

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా వైపు వంగాడు.

"ఏటి? ఇనబడనేదు. గట్టిగా సెప్పు."