మంచుపట్టిన సిలిండరు

2023 చలికాలం. ముంచింగిపుట్టు దాటాక ఒడిశా వైపు కొండమీద ఒక చిన్న ఆరోగ్య కేంద్రం ఉంది. అక్కడ మా కంపెనీ పెట్టిన హైడ్రోజన్ యూనిట్‌కి నేను సర్వీస్ ఇంజినీరుని. గాలివానకి స్తంభాలు పడితే రోజుల తరబడి కరెంటు రాని ఊరది. ఇక ఆ బాధ తీరిపోయిందని ఊరందరి ముందూ గొప్పలు పోయాను. తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

ఎండ ఉన్నప్పుడు సోలార్ కరెంటుతో ఎలక్ట్రోలైజర్ నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీస్తుంది. సిలిండరులోని లోహపు పొడి ఆ గ్యాసును, ఇసుక నీళ్లు పీల్చుకున్నట్టు, పీల్చి దాచుకుంటుంది. దాన్ని మెటల్ హైడ్రైడ్ అంటాం. అవసరమైనప్పుడు ఆ గ్యాసు ఫ్యూయెల్ సెల్‌లో ప్లాటినం క్యాటలిస్ట్ మీద గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కరెంటు ఇస్తుంది. క్యాటలిస్ట్ అంటే తాను ఖర్చయిపోకుండా పని జరిపించే పదార్థం.

ఒక్కటే చిక్కు. పొడి గ్యాసును వదలాలంటే వేడి కావాలి. చుట్టూ ఉన్న గాలి నుంచే ఆ వేడిని లాక్కుంటుంది. అందుకే పనిచేస్తున్న సిలిండరు మంచుముక్కలా ఉంటుంది. దాన్ని వెచ్చబెట్టే ఏర్పాటు మొదట డిజైన్‌లో ఉండేది. ఖర్చెక్కువని పైవాళ్లు తీసేశారు.

ఆ ఉదయం నేను ముంచింగిపుట్టులో ఉండగా నర్సు కాంతమ్మ ఫోన్ చేసింది. కొండమీద చోళ్లు, అంటే రాగులు, పండించుకునే బుద్రి, నిమోనియాతో ఉన్న తన పసిపాపను తెచ్చింది. పొగమంచులో అంబులెన్స్ మెల్లగా ఘాటీ ఎక్కుతోంది. అది వచ్చేదాకా పాపకు దిక్కు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, అంటే గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే పెట్టె. అది మా కరెంటు మీదే నడుస్తోంది.

"సారూ, గ్యాసు మీటరు ముల్లు దిగిపోతంది. పెట్టె ఆగాగి నడుస్తంది."

"వాల్వు పూర్తిగా తిప్పారా సిస్టర్?"

"తిప్పీసినాను."

"లీకు అలారం ఏమైనా?"

"ఏటీ లేదు. బేగి రండి సారూ!"

దారి పొడుగునా ఫోన్‌లో అడగాల్సినవన్నీ అడిగాను. అన్నిటికీ ఆమె సరిగ్గానే చెప్పింది. నేను వెళ్లేసరికి పెట్టె ఆగిపోయింది. కాంతమ్మ చేత్తో నొక్కే రబ్బరు సంచితో పాపకు ఊపిరి అందిస్తోంది. నేను పక్కనున్న యంత్రం గదిలోకి పరిగెత్తాను.

సిలిండరుకు ఎర్ర దుప్పటి చుట్టి, తాడుతో గట్టిగా కట్టి ఉంది. మీటరూ వాల్వూ పాప ఉన్న గదిలోనే ఉండడంతో కాంతమ్మ ఇటు చూడలేదు. బయటి వేడి దానికి అందే దారే లేదు. తాడు తెంపి దుప్పటి లాగేశాను. మెల్లగా ముల్లు లేచింది. సిలిండరులో ఇంకా సగం గ్యాసు ఉంది.

అవతలి గదిలో పెట్టె మళ్లీ మోగింది. అప్పటికే కాంతమ్మ సంచి నొక్కడం ఆపేసింది. పీల్చేవాళ్లు లేని ఆక్సిజన్ బుసబుసమంటూ వస్తూనే ఉంది. జీవితంలో అంత పనికిమాలిన శబ్దం నేను వినలేదు.

కొంతసేపటికి బుద్రి గుమ్మంలోకి వచ్చింది. ఏడవడం లేదు. నా చేతిలోని దుప్పటి చూసింది.

"తీసీసినావేటి బాబూ? నా పసిగుంటకి ఊపిరిచ్చేది ఇదేనని సిస్టరమ్మ సెప్పింది. ముట్టుకుంటే ఐసులాగుంది. సలికి సచ్చిపోద్దని నా గుంట దుప్పటే తెచ్చి కప్పినాను."

సిలిండరు మీద చేయి వేసి చూసింది.

"ఇది బతికిందా?" అని అడిగింది.

"బతికిందమ్మా."

"మరైతే దుప్పటి దీనికే ఉంచీ. నా గుంటకింకెందుకు."

ఆమె చూస్తుండగానే దాన్ని మళ్లీ సిలిండరుకు కప్పాను.

నిప్పు తేవద్దని, బీడీ కాల్చవద్దని ఊరంతటికీ చెప్పాం. సిలిండరును చూసి ఎవరైనా జాలిపడతారని మా ఆఫీసులో ఒక్కరికీ తట్టలేదు. ఇప్పుడు ఎక్కడ యూనిట్ పెట్టినా ముందు అందరిచేతా దాన్ని తాకించి, చల్లగా ఉంటేనే అది పనిచేస్తున్నట్టు అని చెబుతున్నాను. ఈ కేసు నాకు నేర్పింది అదే. నేర్చుకుని ఏం లాభం, ఆ పాప తిరిగి రాదు.

దుప్పటి సంగతి బుద్రికి చెప్పలేదు. చెప్పను కూడా. బిడ్డ కోసం చేయగలిగిందంతా చేశానని ఆమె నమ్ముతోంది. ఆమెకు ఆ నమ్మకమైనా మిగలనీ.