మచ్చకాయలు ముందు వరసలో

మొన్న నెల్లూరులో సోడాబండి దగ్గర నిమ్మతొక్క ఘాటు ముక్కుకు తగలగానే, గూడూరులో ఎరువుల దుకాణం పైనున్న గది గుర్తొచ్చింది. ఆ గదిలో పద్మక్క నిమ్మకాయలను ఆన్‌లైన్‌లో వేలం వేసే చిన్న కంపెనీ నడిపేది. పనిచేసేవాళ్లం ఇద్దరమే. రైతుల బస్తాలకు ఫొటోలు తీసి, కాయ గురించి నాలుగు మాటలు రాసి పెట్టడం నా పని. ఫోన్‌లో మాట్లాడాలంటే నాకు బెరుకు, అది మోగితే ఏదో ఒక వంకతో బయటికి వెళ్లిపోయేదాన్ని. అక్క గమనించి కూడా ఏమీ అనేది కాదు.

అక్కకు ఒక పద్ధతి ఉండేది. బస్తాను గోనెపట్టా మీద కుమ్మరించి, మచ్చకాయలను ఏరి ముందు వరసలో పెట్టాకే ఫొటో తీయాలి. మద్రాసు షావుకారు కాయను ముట్టుకోకుండానే వేలంపాట పాడతాడు, ఆయన బదులు మనమే కాయను తిప్పి చూడాలి అనేది.

ఆ వేసవిలో నగరం నుంచి ఒక పెద్ద కంపెనీ దిగింది. రైతు దగ్గర కమీషన్ తీసుకోనంది. వాళ్ల ఫొటోల్లో ఒక్క కాయకూ మచ్చ కనిపించేది కాదు. మా రైతులు ఒక్కొక్కరే అటు వెళ్లిపోగా, పెద్ద తోట ఉన్నవాళ్లలో సుబ్బారెడ్డి మామ ఒక్కడే మిగిలాడు. ఆయన కూడా పోతే కంపెనీ మూసుకోవాల్సిందే. ఆ భయంతో ఒక ఉదయం ఆయన మచ్చకాయలను ఫొటోకు అందకుండా వెనక్కి నెట్టాను. మంచి ధర పలికింది. మామ నవ్వుతూ వెళ్లాడు.

లారీకి ఎత్తేముందు అక్క బస్తా విప్పి చూసింది. తర్వాత ఫొటో చూసింది. నేను ఏడుస్తూ ఒప్పుకున్నాను.

“షావుకారుకు ఫోన్ నువ్వే చెయ్యి” అంది.

“మామ వెళ్లిపోతాడక్కా.”

“పోతాడు. వాళ్లకు డబ్బుంది, మనుషులుండారు. మనకుండేది చూడకుండా కొనేవాడి నమ్మకం ఒక్కటే. అదీ మనమే పోగొట్టుకుంటే, ఇంక వాళ్లు మనతో పోటీకి రావాల్సిన పనేముంది పాపా?” ఫోన్ నా చేతిలో పెట్టింది. “ముందు తప్పు చెప్పు. కారణం ఆయన అడిగితే చెబుదువు.”

మచ్చకాయలను వెనక్కి నెట్టానని చెప్పాను. ఆయన కారణమేమీ అడగకుండా, మళ్లీ పాట పెట్టమన్నాడు. ధర బాగా దిగింది. “నిన్ను నమ్ముకుంటే నా తోట అమ్ముకోవాల్సిందే పద్మా” అని మామ ఆ వారమే అటు వెళ్లాడు. అక్క ఆయనకు టీ ఇచ్చి, మెట్ల దాకా వెళ్లి సాగనంపింది.

మామ తిరిగి రాలేదు. షావుకారు మాత్రం మా కాయల కోసమే అడుగుతుండటంతో, రెండు మూడు బస్తాల చిన్న రైతులు మెల్లగా మా మెట్లెక్కారు. కంపెనీ పెరగలేదు, మూతపడనూ లేదు.

ఇప్పుడు నేను వేరే ఆఫీసులో ఉన్నాను. నా వల్ల ఏదైనా చెడితే వెంటనే వెళ్లి చెబుతాను. కారణాలు నాలుక చివరిదాకా వస్తాయి. అడిగేదాకా ఆపుకుంటాను.