బెల్లం వదిలేసి పోయిన చీమలు

రేపల్లెలో సారె పెట్టదలచినవాళ్ళు ముందు దుర్గాభవానికి తీరికుందా అని అడిగి, తర్వాత ముహూర్తం పెట్టించుకుంటారు. కొంచెం పెంచి చెప్పిన మాటే అనుకోండి, కానీ ఆమె అరిసె తిన్నవాళ్ళెవరూ కాదనరు. పాకం పొయ్యి మీద ఉన్నంతసేపూ ఆమె తల పక్కకు తిరగదు. చుక్క తీసి నీళ్ళలో వేసి, అది వేళ్ళ మధ్య ఉండకట్టే క్షణం కోసం ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. భర్త కోటిబాబు రొయ్యల లారీ డ్రైవరు. బండెక్కితే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో అతనికే తెలియదు. అద్దె వాటాలో ఉండేది ఆమె, తొమ్మిదేళ్ళ కూతురు సాయి సుధ. ఆ వేసవిలో చీమలు కూడా వాళ్ళింట్లో కాపురం పెట్టాయి.

బెల్లం ఉన్న ఇంటికి చీమలు రాక ఏనుగులొస్తాయా అని మొదట్లో నవ్వేసింది. తీరా చూస్తే అవి వంటింటి జోలికే రావడం లేదు. బాత్రూము గడప దగ్గరా, సాయి సుధ పరుపు మీదా బారులు తీరుతున్నాయి. పసుపు చల్లింది. కర్పూరం నలిపి వేసింది. చీమల సుద్దముక్కతో గది చుట్టూ గీతలు గీసింది. కిరసనాయిలు గుడ్డతో గచ్చంతా తుడిచింది. ఓ పూట కనిపించకుండా పోయి, మర్నాటికి చుట్టాల్లా మళ్ళీ దిగేవి.

ఇల్లుగలావిడ కమలమ్మ పై వాటాలో ఉంటుంది. మడీ ఆచారం ఉన్న మనిషి. మాట మాత్రం కత్తి.

"అమ్మాయ్, నీ బెల్లం యాపారంతో నా ఇల్లు చీమలపుట్టయింది. మెట్లెక్కి మా దేవుడి గదిలోకి కూడా వచ్చినయ్. బాపట్ల వాళ్ళ సారె వెళ్ళేలోగా అవి పోవాలి. లేకపోతే నువ్వే ఇంకో ఇల్లు చూసుకో."

"అట్టాగేనండి పిన్నిగారూ" అంది దుర్గాభవాని. పొద్దస్తమానం పొయ్యి వెలిగే మనిషికి ఇల్లిచ్చేవాళ్ళు దొరకడం ఎంత కష్టమో ఆమెకు తెలుసు.

చీమల దారి కనిపెట్టాలని ఇల్లంతా గాలించింది గానీ పిల్లను చూడలేదు మహాతల్లి. కళ్ళతో చూసింది గానీ మనసు పెట్టలేదు, అదీ సంగతి. గౌను వదులైతే ఎత్తు పెరుగుతోంది అనుకుంది. చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతుంటే ఎండలు అనుకుంది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైతే, "సిగ్గు లేదటే నీకు" అని కసిరింది. కన్నతల్లి మనసుకు అన్నీ తెలుస్తాయంటారు. ఆ మాటన్నవాళ్ళు సారె పనిలో మునిగిన తల్లిని చూసి ఉండరు.

సారె అరిసెలు ఒక పెద్ద డబ్బాలో పెట్టి, పైన గుడ్డ కట్టి, నీళ్ళు పోసిన పళ్ళెంలో పీట వేసి దాని మీద ఉంచింది. ఆ డబ్బా గడప దాటేదాకా ఇంట్లో ఎవరూ అందులోది నోట పెట్టకూడదు. ఎంగిలి పడిన సారె పంపితే కొత్త కాపురానికి కీడని అత్తగారు చెప్పిన మాట. దుర్గాభవాని ఆ నియమం ఒక్కసారి కూడా తప్పలేదు.

సారె వెళ్ళడానికి ముందురోజు సాయంత్రం పరుపు దులపబోతే చీమలు నల్లగా కమ్ముకుని ఉన్నాయి. పిల్లను దగ్గరకు లాగింది. నోట్లోంచి మాగిన పండు వాసన గుప్పుమంది.

"ఏం తిన్నావే?"

"ఏం తినలేదమ్మా."

"నోరు వాసనొస్తుంటే ఇంకా అబద్ధాలేంటి? సారె డబ్బాలో చెయ్యి పెట్టావా? పక్కలో దాచుకుని తింటున్నావా?"

చెంప మీద ఒక్కటిచ్చింది. పిల్ల ఏడవలేదు. నీళ్ళ బిందె దగ్గరకు నడిచి వెళ్ళి, గ్లాసు ముంచుకుని తాగింది. ఎప్పుడూ గోలగోలగా ఏడ్చే పిల్ల అలా ఊరుకున్నందుకే ఆమె భయపడాల్సింది.

పొద్దున్నే చివరి వాయికి పాకం ఎక్కించింది. సాయి సుధ రెండుసార్లు వాంతి చేసుకుని, కడుపు నొప్పి అంది. "దొంగతిండి అరుగుతుందా మరి" అని, దుర్గాభవాని గరిటె తిప్పుతూనే ఉంది. పాకం నురగ కడుతోంది. కాసేపటికి బాత్రూము వైపు నుంచి "అమ్మా" అని వినిపించింది.

"ఉండవే, పాకం వచ్చేస్తోంది."

మళ్ళీ పిలుపు రాలేదు. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. అప్పుడు, పాకం మీంచి మొదటిసారి తల తిప్పింది.

చీమల బారు గచ్చు మీద సాగుతోంది. పొద్దున బెల్లం కొట్టినప్పుడు చెదిరిన ముక్కలు దారిలోనే ఉన్నాయి. చీమలు వాటి పక్కనుంచే, ఆగకుండా బాత్రూములోకి పోతున్నాయి. సారె డబ్బా చుట్టూ ఒక్కటీ లేదు. బెల్లం వదిలేసి పోయే చీమలను ఆమె బుద్ధెరిగాక ఒక్కచోటే చూసింది, అత్తవారి ఊరు పిట్టలవానిపాలెంలో, అత్తగారు పెరట్లో ఒంటేలుకు కూర్చుని లేచిన చోట. ఆ తర్వాతే ఆవిడకు షుగరని తేలింది. కానీ షుగరు ముసలాళ్ళకు కదా వచ్చేది!

పిల్ల బాత్రూము గోడకు జారగిలబడి ఉంది. మైళ్ళు పరుగెత్తి వచ్చినదానిలా పొడుగ్గా ఊపిరి తీస్తోంది. కళ్ళు మూతలు పడుతున్నాయి.

"పిన్నిగారూ!" అని దుర్గాభవాని పెట్టిన కేకకు కమలమ్మ మడిబట్టతోనే మెట్లు దిగి వచ్చింది. మైల అనలేదు, అంటు అనలేదు. పొయ్యి కట్టేసి, వీధిలో పోతున్న ఆటోకు అడ్డం నిలబడింది.

ఆసుపత్రిలో నర్సు ఫ్లోరెన్స్ పిల్ల వేలికి సూది గుచ్చి చుక్క రక్తం తీసింది. మిషను అంకె చూపించలేదు. తను కొలవగలిగినదానికంటే ఎక్కువుందని మాత్రం చూపించింది.

"వెంటనే తెనాలి తీసుకుపోవాలమ్మా. ఇక్కడ కుదరదు."

"తీపి తినేసిందండి, అందుకే..."

"తిన్నందుకు కాదమ్మా. వంట్లో ఇన్సులిన్ లేక. చిన్నపిల్లలకీ వచ్చిద్ది ఇది. నీళ్ళు తెగ తాగుతోందా? పక్క తడుపుతోందా? ఎన్నాళ్ళ నుంచి?"

దుర్గాభవాని పిల్ల భుజం మీంచి జారుతున్న వదులు గౌను పైకి లాగింది.

అంబులెన్సులో పిల్ల చేతికి సెలైను పెట్టారు. నిద్రపోనివ్వకుండా మాట్లాడిస్తూ ఉండమని ఫ్లోరెన్స్ చెప్పి పంపింది. భట్టిప్రోలు దాటింది. రైలు గేటు పడి బండి ఆగితే, తల బయట పెట్టి గేటు ఎప్పుడు లేస్తుందా అని చూసింది. వేమూరు దగ్గర పిల్ల తల వాలిపోతుంటే బుగ్గలు తట్టింది. ఒక బుగ్గ మీద తన వేళ్ళ వాతలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

"సుధా, అమ్మా, మాట్లాడవే. ఏదో ఒకటి మాట్లాడు తల్లీ."

పెదవులు కదిలాయి. వంగి చెవి పెట్టింది.

"డబ్బా ముడి నేను విప్పలేదమ్మా. చూసుకో."

ముడి వేసింది తనే. చూసుకోవచ్చు. ఒక్కసారి, కొట్టేముందు, వెళ్ళి చూసుకుని ఉండవచ్చు. బండి తెనాలి చేరేదాకా ఆ చెయ్యి పట్టుకుని, "నువ్వు తినలేదు, నాకు తెలుసు, నువ్వు తినలేదు" అని అంటూనే ఉంది.

తెల్లారితే గాని ఏమీ చెప్పలేమన్నారు డాక్టర్లు. తెల్లవారింది. సాయి సుధ కళ్ళు తెరిచి, "సారె వెళ్ళిందా?" అని అడిగింది. సారె వెళ్ళింది, కమలమ్మ దగ్గరుండి పంపించింది. చివరి వాయి పాకం గిన్నెలోనే రాయైపోయింది.

శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. ఈ చీమలకు ఆజ్ఞ ఎవరిచ్చారో గాని, రోజూ వచ్చి ఆ ఇంట్లో చెప్పాల్సింది చెప్పాయి. వినాల్సినావిడే సుద్దముక్క పట్టుకుని గీతలు గీసింది.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు కమలమ్మ పిల్లను చూడ్డానికి కిందికి దిగింది. బాత్రూము గడప వైపు చూసి ఆశ్చర్యపోయింది.

"ఒక్క చీమా లేదే! ఏం చల్లావే అమ్మాయ్?"

"ఏం చల్లలేదండి పిన్నిగారూ. పిల్లకి సూది వేస్తున్నాను, అంతే."

కమలమ్మ ఆ గడప దగ్గరే కూర్చుండిపోయింది.

దుర్గాభవాని ఇప్పటికీ సారెలు చేస్తుంది. మిషను పెట్టి పిల్ల షుగరు చూస్తుంది, సూది వేస్తుంది. అయినా పొద్దున లేస్తూనే, పొయ్యి వెలిగించకముందు, బాత్రూము గడప దగ్గర వంగి చీమల కోసం వెతకడం మానలేకపోతోంది. వెనక నుంచి సాయి సుధ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేస్తుంది.

"లేవమ్మా. నేను ముందే చూశా."