చల్లగదికి కాపలా

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఎనభైల్లో విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రికి గుండెను తెర మీద చూపించే స్కానింగ్ మిషను వచ్చినప్పుడు, ఆ పూజారి పదవి అటెండర్ దేవదానానికి దక్కింది. పెద్దడాక్టరు కొబ్బరికాయ కొట్టాడు, దేవదానం ప్రార్థన చేశాడు. మిషను బిగించిన ఇంజినీరు వెళ్తూ వెళ్తూ “గది చల్లగా ఉండాలి” అన్నాడు. దేవదానానికి అది బైబిల్లోని పదికి తోడు పదకొండో ఆజ్ఞ అయి కూర్చుంది. ఎంత డాక్టరైనా చెప్పులు బయట విప్పాల్సిందే, ఏసీ మీట ముట్టుకోకూడదంతే.

చిక్కంతా నెలలు నిండని పిల్లలతోనే. పుట్టాక మూసుకోవాల్సిన రక్తనాళం వాళ్లలో కొందరికి తెరిచే ఉండిపోతుంది. ఆ సంగతి తేల్చేది ఈ మిషనే. కానీ వార్డులో బల్బుల వెచ్చదనంలో బతికే గుప్పెడు ప్రాణికి, ఈ గదిలో వణికే ఓపిక కూడా ఉండదు.

మరుసటేడు వర్షాకాలంలో విశాఖ పాతబస్తీలో ఉండే జన్నత్ బీ మనవణ్ణి, నెలలు నిండకుండా పుట్టినవాణ్ణి, అలాగే పరీక్షకు తెచ్చారు.

“ఏటి బాబూ, పిల్లడు సల్లబడిపోతన్నాడు. ఆ ఏసీ కాసేపు ఆపవా?” అంది ముసలమ్మ.

“మిసను సెడిపోతే నువ్వు తెత్తావేటి?” అన్నాడు దేవదానం.

మిషను పాడైతే తన మెడకు చుట్టుకుంటుందని పరీక్ష చేస్తున్న డాక్టర్ గురునాథరావు కూడా ఏసీ జోలికి పోలేదు. పిల్లవాడి పెదాలు నీలంగా మారేసరికి పరీక్ష మధ్యలోనే ఆపేసి వార్డుకు పరుగెత్తించాడు. మర్నాడు వాళ్లు పిల్లవాణ్ణి మద్రాసు తీసుకుపోయారు.

తన దాకా వస్తే గానీ తెలియదు. నెల తిరక్కుండా దేవదానం కూతురు జయమణి ఏడో నెలలోనే ప్రసవించింది. అరచేతిలో ఇమిడేంత ఆడపిల్ల. గుండెలో ఏదో చప్పుడుందన్నారు. పరీక్షకు తెచ్చేసరికి గదంతా ఉక్కపోత.

“ఏసీ ఏమైంది?” అన్నాడు డాక్టరు.

“నానే ఆపేసేను బాబూ. ఏటీ అవదు. మొన్న వేసంగిలో ఏసీ పాడైనప్పుడు కూడా మిసను బాగానే ఆడింది గదా!”

ముసలమ్మ బతిమాలిన రోజుకే ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. గురునాథరావు తల దించుకుని, చెమట కారుతుండగా పసిగుండెను చూశాడు. నాళం మూసుకుంటోంది, ఆపరేషను అక్కర్లేదన్నాడు. దేవదానం తలుపు దగ్గరే కూలబడి భోరున ఏడ్చాడు.

ఆ తరవాత పసిపిల్లలు వచ్చినప్పుడు ఎవరైనా ఏసీ వేస్తే “మనుసులేనా మీరు?” అని ఎగిరిపడేవాడు. ఎంత దయగల మనిషో అని అంతా మెచ్చుకున్నారు. జన్నత్ బీ ఇల్లున్న వీధిలోంచి చర్చికి వెళ్లడం మాత్రం మానేశాడు. ఆమె ఎదురైతే పిల్లవాడి సంగతి అడగాలి. అడిగితే చెప్పేస్తుంది.